పదేళ్లు ఉండాల్సిన కంప్యూటర్

ఫిబ్రవరి 3

ఎరువుల కొట్టు వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. జనవరి అంతా ఖాళీగా పోయింది. ఈ రోజు ఒక మాట రాసుకోవాలనిపించింది. ఎవరితోనైనా చెబుదామంటే నా నోట సరిగా రాదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయి ఒక్కసారిగా వచ్చింది. ధనుంజయ్ కంప్యూటర్‌లోంచి పొగ వచ్చింది. పలాస జీడి ఫ్యాక్టరీల లెక్కలు మా అబ్బాయి ఇంట్లో కూర్చుని దాని మీదే వేస్తాడు. డయాలసిస్ మొదలయ్యాక బయటి ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు వాడికున్న పని అదొక్కటే.

మంచం మీంచి లేచి వచ్చి మూత తీసి చూశాడు. లోపల రేకంతా ఎర్రగా తుప్పు. సముద్రం గాలి మా ఇంట్లో దేన్నీ వదలదు.

బాగు చేయించనా అని అడిగాను.

"వద్దు నాన్నా. కొత్తది కడదాం. కొట్టోడు కట్టి అమ్మింది కాదు. ఒక్కో సామాను మనమే ఏరాల. పదేళ్లుండాల అది."

పదేళ్లు. వాడి నోటితో వాడే అన్నాడు. జబ్బు బయటపడిన దగ్గర నుంచి వాడు వచ్చే నెల సంగతి కూడా ఎత్తలేదు. ఈ రోజు పదేళ్లన్నాడు.

మా ఇంటిది బొడ్డమ్మ పొయ్యి దగ్గర ఉంది. వెళ్లి, "ఓలే, ఆడు పదేళ్లంతన్నాడు," అన్నాను. నా వంక ఒకసారి చూసి కూర కలియబెట్టుకుంది. దానికి ఇలాంటివి పట్టవు.

ఫిబ్రవరి 6

పలాస వెళ్లాం. డయాలసిస్ అయ్యాక వాడు ఇంటికి పోదామంటాడనుకున్నాను. కాశీబుగ్గలో మన్మథరావు కొట్టుకు పోదామన్నాడు. ఇద్దరూ కలిసి చదువుకున్నారు. మన్మథరావుకి కంప్యూటర్ల కొట్టు ఉంది. కోడలు అశ్విని వాడి చెయ్యి పట్టుకుని ఆటో దింపింది. నేను సంచి పట్టుకున్నాను.

"రా బావా. మావా, కూకోండి. సెల్లెమ్మా, ఆ ఫ్యాన్ కింద కూకో," అని మన్మథరావు స్టూళ్లు లాగాడు. ఏదో డబ్బాకి వైరు పెట్టి వెలిగించాడు. ఎరుపు, నీలం, పచ్చ. "సూసినావా. ఇంట్లో అమ్మోరి సంబరం ఎట్టినట్టుంటాది."

"లైట్లు ఎందుకురా. వారంటీ ఎన్నేళ్లు?" అన్నాడు మావాడు.

"మూడు."

"ఇంకా ఎక్కువున్నది సూపించు."

"ఓరి బావా, మా మావ పిల్లనిచ్చినపుడు కూడా నాను ఇన్ని అడగనేదు."

"అడగాల్సింది. నీకు కాదు, మీ మావకి సెప్తన్నాను. ఆయన అడగాల్సింది."

మన్మథరావు పగలబడి నవ్వాడు. అశ్విని కూడా నవ్వింది. చాలా రోజులైంది ఆ పిల్ల నవ్వి.

వాడు ముందు పవర్ సప్లై అడిగాడు. మిగతా దేంట్లో తగ్గించినా దాంట్లో తగ్గించనన్నాడు. మా ఊరి కరెంటు ఎలా వచ్చినా, లోపలి వాటికి సరిగా పంచేది అదేనట. అది పాడైతే తనతో పాటు అన్నిటినీ కాల్చేస్తుందట. మొన్న జరిగింది అదే. మన్మథరావు ఫోన్లో ఒక రకం చూపించి, దీనికి కంపెనీవాళ్లే పదేళ్లు రాసిస్తారు, తెప్పించాలి అన్నాడు. వాడు అదే కావాలన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వాడు నా భుజం మీద తల వాల్చి పడుకున్నాడు. పదేళ్లకి ఇప్పుడున్న కుర్ర కొబ్బరి కాపుకొస్తుంది.

ఫిబ్రవరి 7

జీడి తోటలో పూత బాగుంది. వాడు ఒక ఇడ్లీ ఎక్కువ తిన్నాడు.

ఫిబ్రవరి 15

వాడు మంచం మీద, అశ్విని కింద చాప మీద. ఫోన్లో బొమ్మలు చూసుకుంటూ పొద్దంతా అదే మాట. నేను గుమ్మంలో తాడు పేనుతూ విన్నాను.

ప్రాసెసర్ చిన్నది చాలట. మదర్‌బోర్డు మాత్రం కొత్త రకం ఉండాలట. తర్వాత కావాలంటే అదే బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. ర్యామ్ పెట్టే చోటు కూడా ఒకటి ఖాళీగా వదలాలట.

"తర్వాతంటే ఎప్పుడు?" అంది అశ్విని.

"నీకు పని పెరిగినపుడు."

ఆ పిల్ల లేచి నీళ్ల కోసం వెళ్లి చాలాసేపు రాలేదు.

వాడు అలసిన రోజుల్లో అశ్విని కూడా లెక్కలు వేస్తుంది. అందుకే అలా అన్నాడు. తర్వాత అన్నాడు కదా. అది నాకు చాలు.

మార్చి 2

వడ్రంగి టేబుల్ తెచ్చాడు. ధనుంజయ్ ఆరడుగుల మనిషి. కూర్చుంటే మోకాళ్లు తగులుతున్నాయి. ఎత్తు పెంచమని వడ్రంగికి నేను చెప్పబోతే వాడే ఆపాడు. అశ్వినిని కూర్చోబెట్టి, మోచేతులు ఆనించమని, మెడ వంచకుండా ముందుకు చూడమని, ఇదే సరైన ఎత్తు అన్నాడు.

వాడికి ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లు వాస్తున్నాయి. టేబుల్ ఎత్తు వాడికి పెద్ద లెక్క కాదు.

పెరట్లో ఎర్తింగ్‌కి గొయ్యి తవ్వాను. మాది ఇసక నేల, తడి నిలవదు. బాగా లోతుకు పోయి బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపాను. వాడు కిటికీలోంచి చూస్తూ, "సాలు నాన్నా, నీ నడుం పోతాది," అన్నాడు. ఇంకా తవ్వాను.

మార్చి 9

పవర్ సప్లై, బోర్డు, ర్యామ్, మెమరీ చిప్ లాంటిదొకటి వచ్చాయి. పాత రకం తిరిగే డిస్కు కాదట ఇది. లోపల తిరిగేదేమీ లేదు కాబట్టి అరగదట.

వాడు ఏదీ ముట్టుకోలేదు. అన్నీ అశ్విని చేతే చేయించాడు. ర్యామ్ పెట్టమన్నాడు, తీయమన్నాడు, మళ్లీ పెట్టమన్నాడు.

"ఎన్నిసార్లు తీయిత్తావు. అరిగిపోతాది," అంది.

"నీకు భయం అరగాల. ఆగిపోతే మొదట కరెంటు తీసీ. తరవాత ఇది తీసి తుడిసి పెట్టు. సగం రోగాలు దానికే తగ్గిపోతాయి. మన్మథరావుని పిలవకు. ఎవర్నీ పిలవకు."

"నువ్వున్నావు కదా."

వాడు స్క్రూ ఎక్కడ బిగించాలో వేలితో చూపించాడు.

డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చెయ్యి మీద బరువు పడకూడదని డాక్టర్లు చెప్పారు. అందుకే ఆ పిల్ల చేత చేయిస్తున్నాడు.

మార్చి 10

ఆయాసం. పలాస ఆసుపత్రిలోనే ఉంచేశారు.

మార్చి 13

ఇంటికి తెచ్చాం. నా కిడ్నీ ఇస్తానని మళ్లీ అడిగాను. పోయినసారి చెప్పిందే చెప్పారు. నాదీ అంతంత మాత్రమేనట. బొడ్డమ్మదీ అంతే. మా ఉద్దానం ఊళ్లలో ఇల్లిల్లూ వెతికినా ఇదే మాట వస్తుంది.

ఏప్రిల్ 4

కంప్యూటర్‌ని పెట్టే క్యాబినెట్ వచ్చింది. నల్ల రేకు డబ్బా. రేకు పల్చన, మూలల్లో రంగు ఇంకా పల్చన. మా కిటికీ చువ్వలు చూశాను, పంపుసెట్టు బోల్టులు చూశాను. ఇది రెండు వానాకాలాలు ఆగదు. లోపల ఎంత గట్టి సామాను పెడితే ఏం లాభం.

ఒడ్డుకు వెళ్లి ఎల్లాజీని అడిగాను. ఎల్లాజీ తన పడవకి ఏటా జీడి తొక్కల నూనె పూస్తాడు. ఉప్పు పట్టదు, పురుగు తినదు.

"ఇనప డబ్బాకా మావా? నాను సెక్కకే పూత్తాను," అన్నాడు.

"పని సేత్తాదా?"

"సెక్కకైతే సేత్తాది."

ఒక డబ్బాడు ఇచ్చాడు. చేతికి గోనెగుడ్డ చుట్టుకుని లోపల మూల మూలకీ, అంచు అంచుకీ పల్చగా పూశాను. నల్ల రేకు మీద నల్ల నూనె, పూసినట్టే లేదు. చాలా రోజుల తర్వాత నా చేతికి ఒక పని దొరికింది.

రేపు డయాలసిస్ నుంచి వచ్చాక వాడికి చెబుతాను.

ఏప్రిల్ 5

చెప్పడానికి ముందే అయిపోయింది.

పలాస నుంచి వస్తూనే వాడు మంచం మీద వాలాడు. బోర్డు బిగించే కన్నాలు ఎక్కడున్నాయో చూడమన్నాడట. అశ్విని రెండు చేతులూ లోపల పెట్టి వెతికింది. నేను తోటలో ఉన్నాను. వచ్చేసరికి ఆ పిల్ల పెరట్లో చేతులు కడుక్కుంటోంది. జీడి నూనె నీళ్లకు పోతుందా. వేళ్లన్నీ కాలినట్టు పొక్కిపోయాయి. కొబ్బరి నూనె రాసుకుని, వాడికి కనపడకుండా కొంగులో పెట్టుకుంది. అన్నం కలిపి ఇచ్చేటప్పుడు వాడు చూశాడు.

"నాన్నా," అని పిలిచాడు. వెళ్లాను.

"ఎవరు పూసినారు?"

"నానే. తుప్పట్టకుండా. పదేళ్లుండాలన్నావు కదా."

వాడు అశ్విని చేతులు పట్టుకుని నా ముందు పెట్టాడు.

"ఈ సేతుల కోసం నాన్నా ఇదంతా. నాకనుకున్నావా?"

నేను ఆ పొక్కిన వేళ్ల వంకే చూస్తున్నాను.

"పదేళ్లు నాకనుకున్నావా?"

"ఊరుకో," అంది అశ్విని. "మావయ్య తెలీక సేసినారు."

"నాను పోతే దీనికి ఈ లెక్కల పనుంటాది. ఎక్కడికెల్తే అక్కడికి అట్టుకెల్తాది. సోంపేటలో ఆళ్లమ్మ కాడికైనా, ఇంకెక్కడికైనా. ఆగిపోతే అదే ఇప్పుకోవాల, అదే బాగు సేసుకోవాల. ఒకడి కాడ సెయ్యి సాపకూడదు."

అంత గట్టిగా మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. నేను వీపు రాయబోయాను. తోసేస్తాడనుకున్నాను. రాయనిచ్చాడు. వీపు మీద ఎముకలన్నీ చేతికి తగిలాయి.

నాకు తెలియదని రాద్దామనుకున్నాను. ఈ పొత్తంలో కూడా అబద్ధం ఎందుకు. టేబుల్ వచ్చిన రోజే తెలుసు.

ఏప్రిల్ 6

ఇదంతా ఎవరి కోసమో బొడ్డమ్మకి తెలుసు. అది మొదటి నుంచీ తెలిసి ఊరుకుంది.

ఏప్రిల్ 9

కిరసనాయిలు పెట్టి డబ్బా తుడిచాను. ఎండబెట్టాను. మళ్లీ తుడిచాను. వాసన పోలేదు.

ఏప్రిల్ 14

ఎవరికీ చెప్పకుండా డబ్బా గోనెలో చుట్టుకుని పలాస బస్సెక్కాను. మన్మథరావు కొట్టు ముందు కాసేపు నిలబడ్డాను. ఒక్కడినే కొట్లోకి వెళ్లి ఏదైనా అడగడం నాకు చేతకాదు. వాడే చూసి పిలిచాడు.

మూత తీసి వాసన చూశాడు.

"ఇదేటి మావా, జీడి నూనా? కంప్యూటర్ కడతన్నారా, పడవ కడతన్నారా? రేపు సముద్రంలో దింపుతారేటి?"

నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు. టీ తెప్పించాడు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"ఇంకోటిత్తాను. దీన్ని నా కొట్టు ముందు సెత్తకి ఎట్టుకుంటాను, పదూళ్లకీ తెలుత్తాది నీ పనితనం," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మావా, బిల్లులన్నీ అశ్విని పేరనే రాసినాను. వారంటీ కూడా. ధనుంజయ్ అలగే రాయమన్నాడు. నీకు తెలుసో నేదో."

"తెలుసు," అన్నాను.

పైకి అనడం అదే మొదలు. టీ తాగలేకపోయాను.

ఏప్రిల్ 27

అశ్విని వేళ్లు మానాయి. ఈ రోజు అన్నీ బిగించింది. వాడు దిండు ఆనుకుని ఒక్కొక్కటీ చెప్పాడు. ఒకచోట వైరు తిరగేసి పెట్టింది. వాడు చూసి కూడా చెప్పలేదు. నొక్కితే వెలగలేదు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. నేను ఏదో అనబోతే కళ్లతో వద్దన్నాడు. అది కరెంటు తీసి, మూత విప్పి, ఒక్కొక్క వైరూ తడుముకుంటూ వచ్చి, తిరగేసి ఉన్నదాన్ని కనిపెట్టి సరిగా పెట్టింది.

మళ్లీ నొక్కింది. చిన్న చప్పుడుతో ఫ్యాన్ తిరిగింది. తెర మీద ఏవో అక్షరాలు.

"ఓలమ్మా," అంది బొడ్డమ్మ. "ఆ పెద్ద గొడవంతా ఈ పాటి సప్పుడుకా?"

వాడు నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. మంచి రోజు.

మే 18

వాడు మాటలు బాగా తగ్గించేశాడు. ఈ రోజు అశ్విని చెరువు గట్టు నుంచి మందు మొక్క ఏదో తేవడానికి బొడ్డమ్మతో వెళ్లినప్పుడు నన్ను దగ్గర కూర్చోమన్నాడు.

"అది ఎల్తానంటే ఆపకు నాన్నా."

"ఇప్పుడవెందుకురా."

"అమ్మ ఏడుత్తాది. పెదనాన్న ఏదో ఒక ఆచారం సెప్తాడు. నువ్వు మాటాడాల."

"నాకు మాటలు రావురా. తెలుసు కదా నీకు."

"తెలుసు. అందుకే ముందుగా సెప్తన్నాను. ఇప్పట్నుంచి కూడబెట్టుకో."

వాడి చెయ్యి నా చేతిలో పెట్టాడు. సూదుల చెయ్యి. లోపల రక్తం పరుగెత్తుతున్నట్టు బుసబుసమంటుంది ఆ చెయ్యి. సరేనన్నాను.

మే 30

ఏమీ లేదు.

జూన్ 11

ధనుంజయ్ పోయాడు. మొన్న, పలాసలో.

జూన్ 24

కర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. ఈ రోజు జీడి ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ చేసి, నెల లెక్కలు ఆగిపోయాయి, ఏం చేయమంటారని అశ్వినిని అడిగారు. ఆ పిల్ల లోపలికి వెళ్లి కంప్యూటర్ పెట్టింది. సాయంత్రం దాకా బయటకు రాలేదు. బొడ్డమ్మ అన్నం పెట్టిన కంచం తీసుకెళ్లి టేబుల్ పక్కన పెట్టి వచ్చింది.

ఏడుస్తూ పని చేస్తోందట. పని మాత్రం ఆపలేదట.

జులై 9

అశ్విని నా దగ్గరకు వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. అది కూడా నాలాగే తక్కువ మాటల మనిషి.

"మావయ్యా, అమ్మ రమ్మంతాంది. సోంపేటలో కూడా ఒక ఫ్యాక్టరీ వాళ్లు లెక్కలు ఇత్తామన్నారు. ఎల్లమంటారా?"

ఎల్లమనాలి. అలా అనలేకపోయాను. తలూపాను. అది దేనికి ఊపానో ఆ పిల్లకు తెలిసిందో లేదో.

జులై 10

ఉంటానంటే బాగుండు.

జులై 13

అశ్విని తమ్ముడు ఈశ్వర్ సోంపేట నుంచి ఆటో కట్టించుకుని వచ్చాడు. బట్టల పెట్టె, కుట్టు మిషను ఆటోలో పెట్టాడు. కంప్యూటర్ దుప్పట్లో చుట్టి వాకిట్లోకి తెచ్చేసరికి మా అన్నయ్య కూర్మారావు వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. ఊరి వాళ్లు కొందరు చేరారు.

"పిల్ల ఎల్తే ఎల్లింది. దాని వయసు దానిది. సచ్చినోడు వాడిన సామాను ఏడాది తిరక్కుండా గడప దాటకూడదు," అన్నాడు. "ఆడి ఏడూడు తద్దినం అయ్యాక అప్పుడు సూద్దాం."

"అప్పటిదాకా పనెలా సేత్తాది పెదమావా," అన్నాడు ఈశ్వర్.

"పని కోసం ఆచారం మారుత్తాదేట్రా?"

అశ్విని దుప్పటి మీద చెయ్యి వేసి నిలబడింది. బొడ్డమ్మ ఆ పిల్లని పట్టుకుని, "ఉండిపోవే తల్లీ. నాకు మాత్రం ఎవరున్నారు," అని ఏడ్చింది. వాడు చెప్పినవన్నీ చెప్పినట్టే జరుగుతున్నాయి. అందరూ నా వంక చూశారు. మా అన్నయ్య నా వంక చూడలేదు. నేను ఏమీ అననని ఆయనకు బాగా తెలుసు.

చిన్నప్పటి నుంచీ ఆయన ముందు నేను నిలబడి మాట్లాడింది లేదు. ఊళ్లో అందరి మొహాలూ ఒకే మొహంలా కనపడ్డాయి.

"అది అశ్వినిది," అన్నాను.

"ఏటన్నావు?"

"ఆడు దాని కోసం కట్టినాడు. ఆడు వాడనేదు. ఒక్క రోజు కూడా దాని ముందు కూకోనేదు. లే అన్నయ్యా."

మా అన్నయ్య నా వంక తిరిగాడు. "కొడుకు పోయాక నోరొచ్చినాదేట్రా నీకు," అన్నాడు. మోకాళ్లు పట్టుకుని లేచాడు. దుప్పటి మూట నేనే ఎత్తాను. బరువుగా ఉంది. ఈశ్వర్ అందుకోబోతే ఇవ్వలేదు. ఆటోలో అశ్విని ఒడిలో పెట్టాను. గతుకుల్లో గట్టిగా పట్టుకోమన్నాను. ఆ పిల్ల నా చేతులు రెండూ కళ్లకు అద్దుకుంది.

ఆటో సోంపేట రోడ్డెక్కింది. బొడ్డమ్మ లోపలికి వెళ్లి పడుకుంది. నేను వాకిట్లోనే కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది.

"మావయ్యా, సేరిపోనాం. అత్తయ్య తిన్నాదా?"

"తింతాది."

"ఇక్కడ పెట్టి సూసినాను. ఆన్ అయింది."

"సరే," అన్నాను.

ఇంకా ఏదో అనాలి. ఏదీ రాలేదు. ఆ పిల్ల ఉంటాను మావయ్యా అని పెట్టేసింది. నేను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను.

"ఒరే, ఆన్ అయిందంట," అన్నాను.

లోపల బొడ్డమ్మ మేలుకునే ఉంది. ఎవరితో అని అడగలేదు.